దర్శి షెడ్లలో దించిన ఆయిల్ ఎటు పోతోంది

బండికి ఆయిల్ మార్పించాక మనం పట్టించుకునే సంగతులు రెండే. బిల్లెంతయింది, ఇంజిన్ చప్పుడు తగ్గిందా లేదా. దించిన నల్లటి ఆయిల్ ఏమైందని అడిగేవాళ్లు అరుదు. ఆ ప్రశ్న అందరూ అడగవలసిందే. దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల వాళ్లు మరీ అడగాలి. ఎందుకో నిదానంగా చెప్పుకుందాం.

సాగర్ కాలువ పారే ఊళ్లకూ వానను నమ్ముకున్న మెట్ట ఊళ్లకూ దర్శి కూడలి. ముండ్లమూరు, తాళ్లూరు, కురిచేడు, దొనకొండ మండలాల ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు బాగుచేయించుకోవడానికి ఇక్కడికే వస్తాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు దూరమేమీ కాదు, ఆ లారీలూ టిప్పర్లూ ఈ రోడ్ల మీద తిరుగుతూనే ఉంటాయి. డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే సంస్థను కూడా దర్శిలోనే పెట్టారు. ఇన్ని బండ్లు తిరిగే చోట రిపేరు షెడ్లు ఉండక తప్పదు. అవి చాలావరకు రోడ్డు పక్కన రేకులు వేసుకున్నవి, ముందు మట్టి నేల ఉన్నవి. ఆ మట్టి ఏ రంగులో ఉందో ఒకసారి చూస్తే సగం కథ అర్థమవుతుంది.

ఏ షెడ్డు ముందైనా కాసేపు నిలబడి చూడండి. వంద సీసీ బండిని స్టాండు వేసి ఇంజిన్ అడుగున డ్రెయిన్ నట్టు విప్పుతారు. వేడి మీదున్న ఆయిల్ ధారగా పాత పెయింటు డబ్బాలోకో, సగానికి కోసిన ప్లాస్టిక్ క్యాన్‌లోకో దిగుతుంది. తొమ్మిది వందల మిల్లీలీటర్లు, మహా అయితే లీటరు. ధార చుక్కల్లోకి వచ్చేసరికి డబ్బా పక్కకు లాగేస్తారు, వెనక ఇంకో బండి కాచుకుని ఉంటుంది కాబట్టి. మిగిలిన చుక్కలు నేల మీద పడతాయి. నట్టు బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డను ప్యాంటు వెనక జేబులో కుక్కుకుంటారు. డబ్బా నిండితే షెడ్డు వెనకున్న డ్రమ్ములో ఒంపుతారు. డ్రమ్ముకు మూత ఉండదు. వాన పడితే డ్రమ్ములో నీళ్లు చేరతాయి, ఆయిల్ పైకి తేలి అంచు మీంచి పొర్లుతుంది.

రోజుకు పది మోటారు సైకిళ్లకు ఆయిల్ మార్చే షెడ్డు ఉందనుకుందాం. రోజుకు తొమ్మిది లీటర్ల చొప్పున ఇరవై ఆరు పనిరోజులకు 234 లీటర్లు. అంటే నెలకో డ్రమ్ము నిండి పైన ఇంకా మిగులుతుంది. ట్రాక్టరు ఇంజిన్‌లో ఆరేడు లీటర్లు పడుతుంది, పెద్ద లారీకి పది లీటర్ల పైమాటే. గేరాయిల్, హైడ్రాలిక్ ఆయిల్ లెక్క వేరు. ఒక్కో షెడ్డులో చూస్తే చిన్నగా కనపడే ఈ సరుకు ఊరంతటికీ కలిపితే చిన్నది కాదు.

కొత్త ఆయిల్‌కూ దించిన ఆయిల్‌కూ తేడా రంగులోనే ఉందనుకుంటాం. అసలు తేడా కంటికి కనపడేది కాదు. ఇంజిన్ ఆయిల్‌లో అత్యధిక భాగం బేస్ ఆయిల్, మిగతాది అరుగుదల తగ్గించడానికీ మసి పేరుకోకుండా ఉండటానికీ కలిపే రసాయనాలు. వేల కిలోమీటర్లు తిరిగాక ఆ రసాయనాలు విరిగిపోతాయి. పిస్టన్ రింగులు, బేరింగులు అరిగి ఇనుము, క్రోమియం, రాగి, సీసం పొడి సన్నగా ఆయిల్‌లో చేరుతుంది. కాలీ కాలని పెట్రోలు, డీజిల్ కొంత దిగుతుంది. మంట నుంచి వచ్చే మసితో పాటు బహుళ వలయ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలు పేరుకుంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం కలపని పెట్రోలే అమ్ముతున్నారు కాబట్టి ఆ దారిన వచ్చే సీసం తగ్గింది. మిగతావేవీ తగ్గలేదు.

ఇంత మురికి చేరినా బేస్ ఆయిల్ మాత్రం చెడిపోదు. నీటిని తీసేసి, శూన్యంలో మరిగించి, శుద్ధి చేస్తే మళ్లీ ఇంజిన్‌లో పోసుకునే నూనెగా మారుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చిన లెక్క ఒకటుంది. దాదాపు 2.4 లీటర్ల లూబ్రికెంట్ తీయాలంటే 159 లీటర్ల ముడి చమురు కావాలి. అదే 2.4 లీటర్లు 3.8 లీటర్ల వాడిన ఆయిల్ నుంచి వస్తుంది. ముడి చమురులో ఎక్కువ భాగం విదేశాల నుంచి కొనుక్కునే దేశం మనది. మూత లేని డ్రమ్ములోంచి పొర్లిపోతున్నది డబ్బే. అదే సంస్థ ఇంకో మాట కూడా చెబుతుంది: ఒక్కసారి మార్పించిన ఆయిల్ నాలుగు లీటర్ల లోపే ఉన్నా, అది సుమారు నలభై లక్షల లీటర్ల మంచినీళ్లను పాడుచేయగలదు.

ఇప్పుడది ఎటు పోతోందో చూద్దాం. షెడ్డులో అడిగితే, "సెంట్రింగ్ వాళ్లు పట్టుకుపోతారన్నా" అంటారు. అది నిజమే. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ రేకులకు రాసేది చాలాచోట్ల ఈ నల్ల ఆయిలే. రాసేది ఒట్టి చేతులతో, చీపురుతో. చెదలు పట్టకుండా వాసాలకూ, కంచె గుంజలకూ పూస్తారు. బండి చైన్‌కు బ్రష్షుతో కొడతారు. గజ్జి పట్టిన కుక్కలకూ పశువులకూ పూసేవాళ్లున్నారు. పశువు ఒళ్లు నాకుతుందని, నాకినది కడుపులోకి పోతుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. డ్రమ్ముల లెక్కన కొనేవాళ్లూ వస్తారు. వాళ్ల దగ్గర్నుంచి కొంత బట్టీల్లోకి, తారు కలిపే ప్లాంట్లలోకి ఇంధనంగా పోతుంది. కొంత వడగట్టి, రంగు కలిపి, పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో నింపి డూప్లికేట్ ఆయిల్‌గా తిరిగి వస్తుంది. తగినంత వేడి లేని పొయ్యిలో ఈ ఆయిల్‌ను కాలిస్తే అందులోని లోహాలూ విషాలూ పొగతో పాటు ఊరి మీదికే వస్తాయి. కాలిపోయింది కాబట్టి పీడ వదిలిందని అనుకోవడానికి లేదు.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. దోమల కాలం వచ్చిందంటే పంచాయతీలు, మున్సిపాలిటీలు రంపపు పొట్టును గుడ్డల్లో మూటగట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, ఆయిల్ బాల్స్ అని మురుగు కాలువల్లోనూ గుంతల్లోనూ వేయిస్తాయి. నీటి మీద ఆయిల్ పొర పరుచుకోవడంతో దోమ పిల్లలకు గాలి అందదు, అవి చస్తాయి. ఆ పొరలో ఉన్న సీసం, క్రోమియం, క్యాన్సర్ కారకాలు మాత్రం కాలువలోనే ఉండి, వానకు చెరువులోకో పొలాల్లోకో చేరతాయి. దోమల లార్వాకు టెమిఫాస్ మందుంది, నిలవ నీటిలో వదలడానికి గంబూసియా చేపలున్నాయి, అందుకోసమే తయారయ్యే లార్విసైడ్ ఆయిల్ ఉంది. ఇవన్నీ ఆరోగ్య శాఖకు తెలిసినవే, వాడుతున్నవే. మెకానిక్ కాలువలో ఆయిల్ పోస్తే తప్పని చెప్పాల్సిన సంస్థే అదే ఆయిల్‌ను బంతులు చుట్టి కాలువలో వేస్తే, ఇక ఆ మెకానిక్‌కు ఏ ముఖంతో చెబుతాం? ఈ పని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు కాదు.

మరీ ఈ ప్రాంతం వాళ్లకే ఎందుకు చెప్పాలంటే, ఇక్కడ నేల కింద నీళ్లు ఇప్పటికే దెబ్బతిని ఉన్నాయి. మన దేశంలో ఊరూరా పాకిన వ్యాధిగా ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి లోకానికి తెలిసింది ఇక్కడి నుంచే. షార్ట్, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలదే. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి తలా కొంత తీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసినప్పుడు ఇటు వచ్చాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేని చోట ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఈ ప్రాంతంలో ఎన్నో బోర్లు ఆ గీత దాటినవే. అందుకే సాగర్ నీళ్లతో సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నింపుకుని, ఆ నీళ్లమీద ఆధారపడాల్సి వచ్చింది. ఫ్లోరైడ్ రాతిలోంచి వచ్చింది. దాన్ని మనం తేలేదు. ఆయిల్, యాసిడ్, పెట్రోలు మనం పోస్తున్నవి.

ఇక్కడ భయపెట్టడం కోసం ఎక్కువ చెప్పకూడదు. చిక్కటి ఇంజిన్ ఆయిల్ నేల మీద పడితే వెంటనే బోరులోకి దిగిపోదు. చాలావరకు పైమట్టికే పట్టుకుని ఉంటుంది, వానకు కొట్టుకుపోయి కాలువ పడుతుంది. లోపలికి తొందరగా దిగేవి పలచటివి: స్పేర్లు కడిగిన పెట్రోలు, థిన్నరు, కూలెంట్, బ్యాటరీ యాసిడ్. ఈ ప్రాంతపు నేల చాలాచోట్ల పైన పలచటి మట్టి, కింద గట్టి రాయి. ఇలాంటి చోట నీళ్లు ఇసుకలోంచి ఇంకినట్టు నెమ్మదిగా వడగట్టుకుంటూ దిగవు, రాతి పగుళ్లు పట్టుకుని పోతాయి. పగులు ఎటు పోతే మురికీ అటే పోతుంది. ఏ బోరుకు తగులుతుందో పైనుంచి చూసి చెప్పలేం. ఒకసారి తగిలితే కడగడం కూడా కాని పని.

నేల మాట తర్వాత, ముందు మనిషి మాట. షెడ్డులో పనిచేసేవాళ్ల ఒంటికి ఈ సరుకు నీళ్లకంటే ముందు చేరుతుంది. మాంచెస్టర్‌లో 1922లో సదమ్, విల్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. నూలు మిల్లుల్లో యంత్రాల నూనె తడిసిన బట్టలతో ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికులకు మర్మాంగాల దగ్గర చర్మ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని చూపించారు. నూనె నేరుగా తగిలింది బట్టలకు, బట్టలు తగిలింది ఒంటికి. శుద్ధి సరిగా చేయని మినరల్ ఆయిల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వరసలో పెట్టింది. దించిన ఆయిల్ అంతకంటే మురికిది. వెనక జేబులో కుక్కుకున్న ఆయిల్ గుడ్డ రోజంతా తొడకు అంటుకుని ఉంటుంది. ఆ గుడ్డను జేబులో కాకుండా మేకుకు తగిలిస్తే చాలు, ఈ మొత్తం వ్యవహారంలో అంత తేలికైన జాగ్రత్త ఇంకొకటి లేదు.

సాయంత్రం చేతుల జిడ్డు పోవడానికి పెట్రోలు పోసుకుని రుద్దుకుంటారు. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. బీఎస్ 6 ప్రమాణాల ప్రకారం వందకు ఒక వంతు మించకూడదు, కానీ ఉంటుంది. రక్త క్యాన్సర్‌కు బెంజీన్ కారణమని దశాబ్దాలుగా తెలుసు. పెట్రోలు చర్మం మీద సహజంగా ఉండే జిడ్డును కూడా లాగేస్తుంది, చేతులు పగుళ్లిస్తాయి, ఆ పగుళ్లలోంచి మర్నాటి ఆయిల్ ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది. కాస్త వంటనూనె రాసి రుద్ది, ఆపైన సబ్బూ రంపపు పొట్టూ వేసి కడిగితే జిడ్డు పోతుంది. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

బ్రేకు డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలితో ఊదడం కూడా అలాంటిదే. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఊదితే లేచే బూడిదరంగు ధూళిలో కంటికి కనపడని పోగులుంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రావు. జబ్బు బయటపడటానికి ఇరవై ముప్ఫై ఏళ్లు పడుతుంది, అప్పటికి ఆ మెకానిక్ ఆ షెడ్డులో ఉండడు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టేస్తే ధూళి లేవదు. పని నేర్చుకుంటాడని బడి మాన్పించి షెడ్డులో పెట్టిన పిల్లవాడే చాలాసార్లు ఆ డ్రమ్ము ముందు కూర్చుని ఉంటాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరమని చట్టం చెబుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తులకే చేటు చేసే చోట పిల్లల్ని కూర్చోబెట్టకూడదని చెప్పడానికి చట్టం కూడా అవసరం లేదు.

ఇక బ్యాటరీ. అన్నిటిలోకి ప్రమాదమైనది ఇదే, డబ్బొచ్చేది కూడా ఇదే. అందుకని ఎవరూ పారేయరు. లారీ, ట్రాక్టరు బ్యాటరీ బరువులో సగం పైన సీసమే, మిగతాది పలచటి గంధకికామ్లం, ప్లాస్టిక్ పెట్టె. పాత బ్యాటరీ కొత్తదానికి మార్పిడిగా దుకాణానికి, అక్కణ్నుంచి రీసైక్లింగ్ కంపెనీకి చేరితే సమస్య లేదు. దారిలో యాసిడ్ బరువెందుకని కాలువలో వంచేసినప్పుడు, పెట్టె పగలగొట్టి ప్లేట్లు వేరుచేసినప్పుడు, పాత సామాన్ల గోదాము వెనక పొయ్యి పెట్టి సీసం కరిగించినప్పుడు సమస్య. వంచిన యాసిడ్ ఒట్టి యాసిడ్ కాదు, దాంట్లో సీసం పొడి ఉంటుంది.

సీసం ఏం చేస్తుందో చెప్పడానికి సెనెగల్ దేశంలోని చారోయ్ అనే చోట జరిగింది చాలు. రాజధాని డాకార్ శివారులో పాత బ్యాటరీల నుంచి సీసం తీసే పని జరిగేది. సీసం పొడి కలిసిన మట్టిని ఇళ్లకు తెచ్చి జల్లించుకునేవాళ్లు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. సీసం పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికి ఎక్కువ పడుతుంది, మెదడు ఎదగకుండా చేస్తుంది. రక్తంలో ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన పడాల్సినంత సీసం ఉంది. దానికి పెద్ద కారణాల్లో ఒకటిగా వాళ్లు చూపించింది పద్ధతి లేకుండా సాగే బ్యాటరీ రీసైక్లింగే. బ్యాటరీ పని చేసినవాళ్లు ఆ చొక్కాతోనే ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. పని బట్టలు షెడ్డులోనే విడిచి, చేతులూ ముఖమూ కడుక్కుని వెళ్లమని ప్రతి బ్యాటరీ మెకానిక్‌కూ ఎవరో ఒకరు చెప్పాలి.

కూలెంట్ గురించి ఒక్క మాట. దాంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. రేడియేటర్ కడిగిన నీళ్లు గుంతలో నిలిస్తే కుక్కలు, మేకలు తాగుతాయి, మూత్రపిండాలు పాడై చస్తాయి. పాత టైర్లు కాల్చకూడదని అందరికీ తెలుసు, పెయింటింగ్ షెడ్లో మిగిలిన థిన్నరు కాలువలో పోయకూడదని కొందరికే తెలుసు.

చట్టం ఏమంటోంది? ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 ఏప్రిల్‌లో వచ్చాయి. వాటి ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. ఆయిల్ అంటిన డబ్బాలు, ఆయిల్ కలిసిన మడ్డి కూడా అంతే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి, లేబుల్ అంటించిన డ్రమ్ముల్లో పెట్టాలి, తొంభై రోజులకు మించి ఉంచుకోకూడదు, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి, ఇచ్చినదానికి రికార్డు రాయాలి. బ్యాటరీలకు 2022 ఆగస్టులో వేరే నియమాలు వచ్చాయి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. ఆయిల్ విషయంలోనూ 2023 సెప్టెంబరులో సవరణ తెచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి రీసైకిల్ చేయించే బాధ్యతను ఆయిల్ కంపెనీల మీద పెట్టారు. మార్కెట్లో అమ్మిన ఆయిల్‌లో మొదటి ఏడాది 5 శాతానికి సరిపడా రీసైకిల్ అయినట్టు అవి చూపించాలన్నది నియమం, మెట్లు మెట్లుగా అది 50 శాతానికి పెరుగుతుంది.

2016 నియమాల్లో మెకానిక్‌కు అన్నిటికంటే పనికొచ్చే అంశం ఒకటుంది, దాన్ని ఎవరూ విప్పి చెప్పరు. మళ్లీ శుద్ధి చేయడానికి పనికొచ్చే ఆయిల్‌ను నియమాలు ఒకలా చూస్తాయి, పనికిరాని మడ్డిని ఇంకోలా చూస్తాయి. మొదటిదానికి కొలతలు పెట్టాయి, సీసం ఇంతకు మించకూడదు, క్యాన్సర్ కారకాలు ఇంతకు మించకూడదు అని. ఆ కొలతల్లో ఉంటే రీసైక్లర్‌కు అమ్ముకోవచ్చు. లేకపోతే డబ్బు ఎదురిచ్చి కాల్పించాల్సిన చెత్త. విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉన్నటువంటి శుద్ధి కేంద్రానికి పంపాలి, దర్శి నుంచి అది వందల కిలోమీటర్ల దూరం. మరి మంచి ఆయిల్ మడ్డిగా ఎలా మారుతుంది? షెడ్డులో అన్నీ ఒకే డ్రమ్ములో పోయడం వల్ల. స్పేర్లు కడిగిన పెట్రోలు, రేడియేటర్ నీళ్లు, బ్రేకు ఆయిల్, థిన్నరు ఒకే చోట పడితే కడివెడు పాలలో ఉప్పుకల్లు వేసినట్టే. నా ఉద్దేశంలో ఈ విషయమంతటిలోకీ ముఖ్యమైనది ఇదే: వేటికవి వేరుగా ఉంచడం. వేరుగా ఉంటే సరుకు, కలిస్తే విషం.

అయితే ఈ నియమాలు రాసినవాళ్ల ఎదుట కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంది. సిమెంటు నేల, రిజిస్టరు రాయడానికి సూపర్‌వైజరు, నెలనెలా వచ్చే ట్యాంకరు. అలాంటి చోట నియమాలు నడుస్తున్నాయి కూడా. రేకుల షెడ్డులో ఒక మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు ఉంటారు. వాళ్లను ఒంగోలులోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి ఫారాలు నింపమంటే జరగదు. నెలకు ఒక డ్రమ్ము కోసం అనుమతి ఉన్న రీసైక్లర్ దర్శి దాకా లారీ పంపడు, డీజిల్ ఖర్చుకే సరిపోదు. అందుకే సెంట్రింగ్ వాళ్లు, చిల్లర కొనుగోలుదార్లు మిగిలారు. తప్పు మెకానిక్ మీదికి తోసేయడం తేలిక, కానీ అతని డ్రమ్ము కోసం సరైన మనిషి ఎవరూ రాలేదన్నది అసలు సంగతి.

షెడ్లు గుంపుగా ఉన్న చోట ఇది తేలిక. విజయవాడ జవహర్ ఆటోనగర్ అలాంటిది. 1960ల్లో మొదలై, ఆటోమొబైల్ టెక్నీషియన్స్ అసోసియేషన్ అండతో పెరిగింది. వందల షెడ్లు పక్కపక్కనే ఉంటే ఒక్క లారీ వచ్చి అందరి డ్రమ్ములూ ఎత్తుకుపోవచ్చు, ఒక్క ఆఫీసరు వచ్చి అందరితో మాట్లాడొచ్చు. దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు లాంటి ఊళ్లలో షెడ్లు రోడ్ల వెంట చెదిరి ఉన్నాయి. గిద్దలూరు, కంభం మీదుగా పోయే జాతీయ రహదారి వెంట లారీ షెడ్లు ఊరికి కొన్ని చొప్పున ఉన్నాయి. వాటన్నిటినీ ఒక చోటికి తరలించడం ఇప్పట్లో అయ్యేది కాదు. ఆయిల్‌ను ఒక చోటికి తేవడం అవుతుంది.

పైన వేసిన లెక్కే తీసుకోండి. నెలకు ఒక డ్రమ్ము వచ్చే షెడ్లు ఇరవై కలిస్తే నెలకు నాలుగు వేల లీటర్లకు పైనే. దానికి ట్యాంకరు వస్తుంది. ఊరి చివర, చెరువుకూ బోర్లకూ దూరంగా, సిమెంటు నేల, చుట్టూ మోకాలెత్తు గట్టు, పైన కప్పు ఉన్న చిన్న గది చాలు. ఆ గట్టు ఎందుకంటే, ఒక డ్రమ్ము పగిలినా అందులోని ఆయిల్ బయటికి పోకుండా. మెకానిక్కుల సంఘం తాళం పెట్టుకుని, ఎవరు ఎన్ని లీటర్లు తెచ్చారో నోటు పుస్తకంలో రాసుకుని, వచ్చిన డబ్బు ఆ ప్రకారం పంచుకోవచ్చు. అనుమతి సంఘం పేరు మీద ఒక్కటి తీసుకుంటే సరిపోయేలా మండలి వీలు కల్పించాలి.

షెడ్డులో చేయాల్సినవి డబ్బుతో పెద్దగా పనిలేనివి. ఇంజిన్ కింద పెట్టే డబ్బాకు బదులు వెడల్పాటి రేకు ట్రే పెడితే చివరి చుక్కలు కూడా అందులోనే పడతాయి. పాత ఆయిల్ ఫిల్టరును తీసిన వెంటనే పారేయకూడదు, దాంట్లో ఇంకా ఆయిల్ ఉంటుంది. వేడి మీదే దానికి మేకుతో కన్నం పొడిచి, ఒక రాత్రంతా ట్రే మీద బోర్లించి వదిలితే కారాల్సింది కారిపోతుంది, మిగిలిన రేకు ఇనుప సామాన్లలోకి పోతుంది. నేల మీద ఒలికితే నీళ్లు కొట్టకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తాలి. ఆ పొట్టును ఆయిల్ గుడ్డలతో పాటు మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టాలి, పొయ్యిలో వేయకూడదు. స్పేర్లు కడిగే పెట్రోలును రోజూ పారబోయనక్కర్లేదు, మూత పెట్టి తేర్చుకుంటే పైనున్నది మళ్లీ పనికొస్తుంది. వాటర్ సర్వీసింగ్ చేసేచోట కాలువలోకి పోయేముందు రెండు గదుల చిన్న తొట్టి కడితే పైకి తేలిన ఆయిల్ మొదటి గదిలోనే ఆగుతుంది.

బండి యజమాని చేయగలిగింది కూడా ఉంది. పాత బ్యాటరీని పాత సామాన్ల బండికి వేయకుండా, కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి బిల్లు తీసుకోండి. ఖాళీ ఆయిల్ డబ్బాను మీ ఎదుటే కన్నం పొడిపించండి, డూప్లికేట్ సరుకుకు అది మళ్లీ పనికిరాదు. సెంట్రింగ్ పనికి షట్టరింగ్ ఆయిల్ విడిగా దొరుకుతుందని ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మేస్త్రీకి చెప్పండి.

దర్శి నగర పంచాయతీ పాలకవర్గానికి విన్నపం ఇది. ఆయిల్ బాల్స్‌లో ఇంజిన్ ఆయిల్ వాడకాన్ని ఈ వానాకాలం నుంచే ఆపండి. ఊరి చివర ఆ చిన్న గదికి స్థలం చూపించండి. మెకానిక్కులను ఒకసారి కూర్చోబెట్టి, ఒంగోలు నుంచి మండలి అధికారిని, ఆయిల్ కంపెనీల డీలర్లను పిలిపించండి. అమ్మిన ఆయిల్‌లో కొంత భాగం రీసైకిల్ అయ్యేలా చూసే బాధ్యత ఆ కంపెనీల మీద 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ట్యాంకరు పంపమని ఊరు ఇప్పుడు వాళ్లను గట్టిగా అడగొచ్చు.